పలుకుతేరు దండయాత్ర

నాగశివ సామ్రాజ్యానికి ఎల్లలు మూడు: తెనాలిలో రెండు గదుల అద్దెవాటా, బాపట్లలో ఒక గుమాస్తా కుర్చీ, ఆ రెంటి మధ్య రోజూ తిరిగే ప్యాసింజరు రైల్లో కిటికీ పక్క సీటు. ఆ సీటే అతడి ఆస్థానం. ఏడాదిన్నరపాటు తోటి ప్రయాణికుల మోచేతి పోట్లు భరిస్తూ, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ‘పలుకుతేరు’ అనే సాఫ్ట్‌వేరును అక్కడే నిర్మించాడు. తెర మీద అక్షరం వెలుగుతుంది, దాని ధ్వని వినిపిస్తుంది. బిడ్డ తిరిగి పలికితే పచ్చగుర్తు పడి తేరు ముందుకు కదులుతుంది. సకల బాలలోకానికీ ఉచితం. ప్రకటనల బెడద లేదు. ఏ బిడ్డ గొంతునూ అది దాచుకోదు. విని, గుర్తువేసి, మరచిపోతుంది. ఈ చివరి నియమాన్ని ఏలినవారు శిలాశాసనమంత గంభీరంగా తొలి పుటలోనే ప్రకటించారు.

లోకకల్యాణం పైమాట. అసలు ప్రజ ఒక్కతే, ఏడేళ్ల కూతురు శ్రావణి. తల్లి కావేరి పోయిన నాటినుంచి, రెండేళ్లుగా, ఆ పిల్ల నోట ఒక్క మాట లేదు. గొంతులో లోపమేమీ లేదని డాక్టర్లు తేల్చారు. తెనాలిలో ఒక ప్రైవేటు బడి, బాపట్లలో మరొకటి ఆమెను మర్యాదగా తిప్పి పంపాయి. ఈలోగా ఈపురుపాలెం నుంచి ఒక నేతగాడు, పలుకుతేరు పుణ్యాన మాటరాని తమ పిల్లవాడిప్పుడు నోరు మూయడం లేదని కృతజ్ఞతతోనూ, కాస్త విసుగుతోనూ ఉత్తరం రాశాడు.

నెల క్రితం ఇంట్లోనూ అద్భుతం జరిగింది. సాయంత్రం రైలు దిగి వచ్చేసరికి, ఇంట్లో వదిలి వెళ్లిన ఫోన్‌లో శ్రావణి పేరు కింద ఒక పచ్చగుర్తు! మర్నాటికి మూడు. చూస్తుండగానే ఒత్తుల దాకా వచ్చేసింది. తండ్రి ఎదుట మాత్రం పిల్ల పలకదు. సిగ్గుపడుతోందని నాయనమ్మ కోటిరత్నం సర్దిచెప్పింది. ఆమె రేపల్లె అవతల రేవులో ముప్పై ఏళ్లు చేపలమ్మిన మనిషి, బడి గడప తొక్కి ఎరగదు. విజేత ఇక ఆగలేదు. జయించవలసిన కోట ఒక్క రేపల్లే మిగిలింది. ఇద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరాడు.

అక్కడి బడిలో ప్రధానోపాధ్యాయిని భువనేశ్వరి సావకాశంగానే కూర్చోబెట్టింది. నాగశివ తెరిచిన పలుకుతేరులో అకారం వెలిగింది. పావుగంటసేపు వెలుగుతూనే ఉంది. శ్రావణి పెదవి కదల్లేదు. భువనేశ్వరి సానుభూతి తెలిపి, దరఖాస్తు అడుగున ఒక వాక్యం రాసి చేతికిచ్చింది.

వరండాలోకి వచ్చాక దాన్ని చూసే ధైర్యం నాగశివకు చాలలేదు. బెంచీ మీద పడేశాడు. కోటిరత్నం అందుకుంది.

“మా...ట... రా...ని... కా...ర...ణం...గా... చే...” అని ఆగింది. శ్రావణి వేలు వచ్చి ఒత్తు కింద నిలిచింది. “చేర్చు,” అంది నాయనమ్మ. “చేర్చుకోలేము.”

నెల రోజుల పచ్చగుర్తులన్నీ నాగశివ కళ్లలో ఒక్కొక్కటే ఆరిపోయాయి.

“నువ్వా అమ్మా, పలికింది?”

“నేనేరా. ఆ గుర్తులు లేకపోతే నువ్వు కంచం ముందు కూకునేవోడివి కాదు. ఇది వేలు పెట్టేది, నేను అనేదాన్ని. అట్టా అట్టా వచ్చేసింది.”

పలుకుతేరు నిర్దోషంగా పనిచేసింది. అరవై రెండేళ్ల కోటిరత్నాన్ని అక్షరసీమకు చేర్చింది. ఎవరికోసం కట్టారో ఆ పిల్లను మాత్రం గుమ్మం బయటే దించేసింది. కానీ పలకకపోయినా ఆ పిల్లకు అక్షరాలు తెలుసు. నాగశివకు పట్టుకోవడానికి మిగిలింది ఒత్తు చూపిన ఆ వేలొక్కటే. కూతురిని ఎత్తుకుని మళ్లీ లోపలికి దూసుకెళ్లి, కాగితం భువనేశ్వరి ముందు పరిచి, జరిగినదంతా గడగడా చెప్పాడు.

“ఇంతకీ చదివిందెవరండి?” అని ఆమె అడిగింది.

“ఇద్దరమేనమ్మా,” అంది గుమ్మంలోంచి కోటిరత్నం.

“ఉన్నది ఒక్క సీటేనండి.” ఆమె హాస్యమాడే మనిషి కాదు.

నాగశివ కూర్చోమనకుండానే కూర్చున్నాడు. “ఈ కాగితంలోంచి మీరే ఒక మాట అనండి మేడమ్. ఎక్కడుందో ఇది చూపిస్తుంది. ఒక్క మాట.”

“చేర్చుకోలేమండి,” అంది భువనేశ్వరి, కలానికి మూత పెడుతూ.

శ్రావణి వేలు కాగితం మీద మెల్లగా జారి, సరిగ్గా ఆ మాట కింద ఆగింది. భువనేశ్వరి చూసింది. చూసి, తర్వాతి వాళ్లను పంపమని అటెండరుతో చెప్పింది.

నాగశివ లేవలేదు.