ఎవరి నెత్తురు చూడాలి

ఊరి చెత్త ట్రాక్టరు పక్కన నిలబడి పొడి చెత్త వేరు చేస్తుంటే సుక్కి బొటనవేలిలో ఏదో కస్సున దిగింది. చెయ్యి పైకి లాగితే రబ్బరు గ్లౌజుకు సూది వేలాడుతూ వచ్చింది. దాని గొట్టంలో ఇంకా నెత్తురుంది. అది దయాకర్ సారు ఇంటి డబ్బా. ఆయన తండ్రికి కాలి పుండు మానడానికి రెండు వారాలుగా ఇంట్లోనే సెలైన్లు, ఇంజక్షన్లు ఎక్కిస్తున్నారు.

"సార్, సూదులు గిట్ల చెత్తల ఏస్తె ఎట్ల?" అంది సుక్కి, వరండాలో కూర్చున్న దయాకర్‌తో.

"జర చూసుకొని తియ్యాలె గదా," అన్నాడాయన, పేపరు దించకుండానే.

ఊరి నర్సు, ఏఎన్‌ఎం జమున సుక్కి చేతిని సబ్బుతో కడిగించి, అప్పటికప్పుడు జనగామ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. ఎయిడ్స్ రాకుండా ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు మింగాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ ముసలాయన నెత్తురు పరీక్షించి ఏమీ లేదని తేలితే మాత్రలు ఆపెయ్యొచ్చంది. ఆ మాట చెప్పడానికే జమున దయాకర్ ఇంటికి వెళ్లింది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దని, గట్టి డబ్బాలో వేసి దవాఖానకు అప్పగించాలని కూడా చెప్పబోయింది. ఆయన వింటేగా!

"మా నాయినకు గా రోగం పరీక్షనా? మా ఇంటిని ఏమనుకుంటున్నవమ్మా?" అని వాకిట్లోంచే పంపేశాడు.

మాత్రలు సుక్కి కడుపులో నిలవలేదు. తిన్నదల్లా కక్కుకుంది. నెలలో ఇరవై రోజులు లారీ మీదే ఉండే ఆమె మొగుడు అమర్‌సింగ్ ఇంటికొచ్చి ఆ మాత్రల సీసా చూశాడు. మందుల షాపులో చూపించి, అవి దేనికో తెలుసుకొచ్చాడు.

"ఎవనితోని తిరిగినవే?" అని తండా అంతా వినేలా అరిచాడు. అత్త గంగి కోడలి కంచం, గ్లాసు తీసి గోడవతల పెట్టింది.

సుక్కికి ఏడుపు రాలేదు. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. ఊరి పిల్లల పీతిగుడ్డలు, పెళ్లిళ్ల ఎంగిలి విస్తళ్లు, చచ్చిన ఎలుకలు అన్నీ ఎత్తిన చేతులివి. ఈ చేతులతోనే ఇంటికొచ్చి రొట్టెలు చేసింది, అత్త కాళ్లు పిసికింది. ఇన్నేళ్లూ ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. సూదిలో నెత్తురున్న మనిషికి పరీక్ష వద్దంట, వాళ్లు మర్యాదస్తులంట. గుచ్చుకున్న ఆడదాని గుణం మాత్రం ఊరంతా కూర్చుని పరీక్షించాలా? తనను వెలేసినోళ్లలో ఒక్కరన్నా, నొప్పుందా అని అడిగారా?

సూది గుచ్చుకున్న నాలుగో రోజు పొద్దున చెత్త ట్రాక్టరు దయాకర్ గేటు ముందు ఆగింది. సుక్కి డబ్బా ముట్టుకోలేదు.

"సార్, మీ నాయినకు పరీక్ష చేపియ్యుండ్రి. అప్పటిదాంక మీ ఇంటి చెత్త నేను ముట్ట."

"ఏందే, నోరు లేస్తున్నది? సర్పంచుకు చెప్పమంటవా?"

"చెప్పుండ్రి. యాడ గుచ్చుకున్నదో, ఎవల నెత్తురో నేను గూడ చెప్త."

పక్కిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. లోపల్నుంచి దయాకర్ భార్య శోభ తడిచేతులతో వచ్చింది. మామకు సెలైను మార్చేదీ, పుండు కడిగేదీ, సూదులు తీసేదీ ఆమే. దయాకర్ ఒక్కనాడూ వాటిని తాకలేదు.

"సుక్కక్కా, గవి చెత్తల ఏసింది నేనే. ఏడ ఎయ్యాలెనో నాకెవలు చెప్పలే," అంది. చేతులు కొంగుకు తుడుచుకుంది. "మూత పెట్టబోతె నాకు గూడ రెండు మాట్లు గుచ్చుకున్నది."

దయాకర్ ముఖం పాలిపోయింది. "నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. నువ్వు ఫోన్ల నుంచి తలెత్తకుంటనే చాయ్ అడిగినవ్."

ఆమె సుక్కి వైపు తిరిగింది. "ఇయ్యాల్నే మామ నెత్తురు తీపిస్త. నాది గూడ చూపిచ్చుకుంట. జర ఆగక్కా, నీతోనే దవాఖానకొస్త."

శోభ వచ్చేలోపు సుక్కి అమర్‌సింగ్‌కు ఫోన్ చేసింది.

"నేను పెద్ద దవాఖానకు పోతున్న. నువ్వు గూడ వచ్చి నీ నెత్తురు చూపిచ్చుకో. ఊళ్లు తిరిగెటోనివి నువ్వు, నేను గాదు. నీ పరీక్ష కాయితం చూసినంకనే ఇంట్లకొస్త."