హారన్ మాత్రం మోగింది

కారు మొదటిసారి చిలకలూరిపేట దాటాక హైవే మీద చచ్చింది. ఇంజను, ఫ్యాను, మీటరు లైట్లు ఒక్కసారే పోయాయి. వెనక పత్తి లారీ. అద్దం నిండా అదే. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను, అంతే. ఇంతలో కారు ఒక కుదుపు కుదిపి దానంతటదే అందుకుంది. లారీవాడు పక్కనించి పోతూ మా అమ్మను తిట్టాడు.

తర్వాత మళ్లీ అయింది. ఎప్పుడవుతుందో తెలియదు. అదే భయం. పూర్తిగా చెడిన బండికి భయపడనక్కర్లేదు, అది ఇంట్లోనే పడి ఉంటుంది.

మెకానిక్ జాన్ బాషా షెడ్డుకు తోలాను. బ్యాటరీ తీగలు గీకి బిగించాడు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు. కారు తన దగ్గరే ఉంచుకుని ఊరంతా తిప్పాడు. ఒక్కసారీ ఆగలేదు.

“బాబాయ్, నా దగ్గర గుర్రంలా పోతోంది. నిన్ను చూస్తేనే దానికి జబ్బు,” అన్నాడు.

“నవ్వకు. మళ్లీ చూడు.”

“ఇంకేం చూడను? దయ్యం పట్టిందేమో, మీ పాస్టరు గారితో నూనె రాయించు.”

వాడికి కారు ఎప్పుడిచ్చినా తాళాల గుత్తిలోంచి కారు తాళం ఒక్కటే ఊడదీసి ఇచ్చేవాణ్ణి. గుత్తి నా భార్య దేవకుమారిది. బీరువా, మిరపకాయల కొట్టు, ట్రంకు పెట్టె, ఇంటి తాళాలన్నీ దానికే. బతికున్నన్నాళ్లూ నడుముకు దోపుకునేది. ఆమె పోయాక అది కోడలి చేతికి పోవాలన్నారు చుట్టాలు. నేను ఇవ్వలేదు. దేవకుమారి ఊపిరి పోయే రోజు కోడలు ఆరాధన పుట్టింట్లో తమ్ముడి నిశ్చితార్థంలో ఉంది. కబురు పెట్టినా భోజనాలయ్యాకే బయల్దేరింది. ఆ సంగతి నేను వదలను. గుత్తిని కారు తాళానికి తగిలించాను. ఎప్పుడూ నా కళ్ల ముందే వేలాడుతుంది.

ఇప్పుడు ఆరాధనకు నెలలు నిండాయి. బీపీ ఉంది. తలనొప్పి గాని, చూపు మసకలు గాని వస్తే వెంటనే గుంటూరు తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఆ రెండూ కలిసే వచ్చాయి, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. నా కొడుకు బెన్నీ దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడు. అంబులెన్సు ఇంకో కేసు మీద పోయింది. ఊళ్లో ఆటోలన్నీ మిరప కోత కూలీలతో చేలకు పోయాయి. ఉన్నది ఈ కారే.

“మావయ్యా, దారిలో ఆగితే?” అంది ఆరాధన తలుపు పట్టుకుని.

“ఎక్కు.”

కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. వట్టి కాళ్లతోనే నా పక్కన కూర్చుంది. పత్తి జిన్నింగ్ మిల్లు ముందు రోడ్డంతా గతుకులు. అక్కడ చచ్చింది కారు. వెనక మిరప బస్తాల లారీ. ఇండికేటరు వెలగలేదు. హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. వదల్లేదు. లారీ చివరి క్షణంలో పక్కకు తప్పుకుంది. దాని గాలికి కారు ఊగింది. ఆరాధన అరవలేదు. పొట్ట మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకుంది. అరిస్తే బాగుండేది.

కారు జారి రోడ్డు పక్క మట్టిలో ఆగింది. జాన్ బాషాకు ఫోన్ చేశాను.

“మీటరు లైట్లున్నాయా?” అన్నాడు.

“లేవు.”

“హారన్?”

“అది మాత్రం మోగింది.”

“అట్లా చెప్పు! హారన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా వస్తది కరెంటు. మిగతాదంతా తాళం పెట్టే స్విచ్చి మీదుగా పోవాలి. జబ్బు ఆ స్విచ్చిలో ఉంది బాబాయ్. తాళం కదిపి చూడు.”

తిప్పాను. అందుకుంది. రెండో గతుకులో మళ్లీ పోయింది.

“మావయ్యా, గుత్తి ఊగినప్పుడే పోతోంది. ఆ బరువు తాళాన్ని కిందికి లాగుతోంది.” ఆరాధన చెయ్యి చాపి గుత్తిని అరచేతిలోకి ఎత్తి పట్టుకుంది. “ఇప్పుడు తిప్పండి.”

ఇంజను అందుకుంది, ఆగలేదు. నేను ఆపి కారు తాళాన్ని విడదీయబోయాను. తొందరలో రింగు తెరుచుకోలేదు. గోరు విరిగింది.

“వదిలెయ్యండి, నేను పట్టుకుంటా. నాకు మీ మొహం కూడా కనపడట్లేదు, పదండి.”

తోలాను. ఇక అద్దం చూడలేదు, ఆమె చెయ్యే చూశాను. ఆమె స్పృహ తప్పితే చెయ్యి జారుతుంది. చెయ్యి జారితే ఇంజను పోతుంది.

“మాట్లాడుతూ ఉండు,” అన్నాను.

“ఏం మాట్లాడను? మీరు నాతో మాట్లాడితే కదా.”

“చేతిలో ఏ తాళాలున్నాయో చెప్పు.”

“నాకెట్లా తెలుసు? ఎప్పుడైనా ఇచ్చారా?”

“పొడుగుది బీరువాది. ఇత్తడిది కొట్టుది.”

“ఈ చిన్నది?”

“ట్రంకు పెట్టెది. బెన్నీ పసిబట్టలు ఉన్నాయి అందులో. మీ అత్తయ్య దాచింది.”

చెయ్యి కొంచెం దిగింది. ఇంజను దగ్గింది.

“ఆరాధనా!”

చెయ్యి మళ్లీ లేచింది.

ఆసుపత్రి గేటులో ఆ చెయ్యి ఒళ్లో పడిపోయింది. కారు అక్కడే చచ్చింది. నేను హారన్ నొక్కి పట్టుకున్నాను, స్ట్రెచర్ వచ్చేదాకా.

ఆపరేషన్ చేశారు. చాలాసేపటికి నర్సు వచ్చి ఆడపిల్ల అంది. తల్లికి ఫిట్స్ వచ్చాయని, ఈ పూట గడిస్తే గాని ఏమీ చెప్పలేమని అంది. పిల్లకు మెత్తని పాత బట్టలు కావాలంది.

బెన్నీ దాచేపల్లి నుంచి వచ్చేసరికి నేను రింగు తెరిచి కారు తాళం విడదీసి ఉంచాను. గుత్తి వాడి చేతిలో పెట్టాను.

“చిన్న తాళం ట్రంకు పెట్టెది. బట్టలు పట్టుకురా. గుత్తి తిరిగి నాకు ఇవ్వకు, మీ ఆవిడ లేచాక ఆమెకు ఇవ్వు.”

నిశ్చితార్థం భోజనాల సంగతి నేను వదల్లేదు. ఆమె లేవాలి. లేచాక అడుగుతాను.