ఆనవాలు లేని చుక్క

పద్నాలుగు పాయింట్ రెండు. పరిశోధన పేపర్లో నా పేరుతో అచ్చయిన ఈ అంకె నమ్మేలా లేదని ఇప్పటికి మూడు ల్యాబుల వాళ్లు ఉత్తరాలు రాశారు. నాలుగో ఉత్తరం మా గైడు టైపు చేయించి పెట్టారు. దాని కింద నేను సంతకం పెట్టడమే తరువాయి.

నా పని ఎండను కరెంటుగా మార్చే పొరలు పోయడం. మేడల మీద కనిపించే నల్ల పలకలు కావు, ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని కరిగించి గాజు మీద సిరాలా పూసేవి. పడిన ఎండలో నూటికి ఎంత కరెంటయిందో చెప్పేదే ఆ అంకె. ఒక్కో గాజుముక్క బొటనవేలంత ఉంటుంది. “ఇంతకీ నీ పలక ఎన్ని బల్బులు వెలిగిస్తుందే?” అని మా అక్క అడుగుతూ ఉంటుంది. ఒక్కటి కూడా వెలిగించదంటే, మరి ఆరేళ్లుగా ఏం వెలగబెడుతున్నావంటుంది.

ఆరేళ్లుగా కలుపుతున్నాను. పొరలో రెండు పదార్థాలుంటాయి, ఒకటి ఇచ్చేది, ఒకటి పుచ్చుకునేది. వెలుతురు పడగానే అందులో ఒక జంట పుడుతుంది: ఒక ఎలక్ట్రాను, అది వదిలిన ఖాళీ. ఆ జంట ఆయుష్షు రెప్పపాటులో కోటో వంతు కూడా ఉండదు. ఆలోపు పది నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో పదివేలో వంతు దూరం పోగలదు. అంతలో రెండు పదార్థాల సరిహద్దు తగిలితే విడిపోయి కరెంటవుతుంది, తగలకపోతే అక్కడే చస్తుంది. పిండి సరిగా కలపకపోతే ఉండలు కట్టినట్టు పొరలోనూ ఉండలు కడతాయి. ఉండ పెద్దదైతే సరిహద్దు దూరం. పోనీ మరీ మెత్తగా కలిపేద్దామంటే, విడిపోయినవి బయటపడడానికి దారులుండవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పోయినేడాది ఒకే ఒక్క వారం నా పొరలు ఉండలు కట్టలేదు. మైక్రోస్కోపు బొమ్మలో సన్నటి అల్లిక, ఎటు చూసినా సరిహద్దే. గైడు ఆ బొమ్మను పెద్దది చేయించి తన గదిలో తగిలించుకున్నారు. ఆ వారం పొడులు కరిగించడానికి వాడిన ఎర్రమూత ద్రావకం సీసా అడుగంటింది, దాన్ని ద్రావకాల గదికి తిరిగిచ్చి కొత్తది తెరిచాను. ఇక అప్పటినుంచి తొమ్మిదే. అవే పొడులు, అదే తూకం, గాజును గిరగిరా తిప్పే అదే యంత్రం, అవే చుట్లు. తొమ్మిది. పాత పలకలనే మళ్లీ కొలిచి చూపిద్దామంటే, ఏడాదిలో అవీ చెడిపోయాయి. ఈ అణువులు ఊరుకోవు, మెల్లగా జరిగి తమ జాతి వాటిని వెతుక్కుని గుంపు కడతాయి. నా సాక్షులందరూ అలా ఉండలైపోయారు.

అబద్ధమాడావని గైడు నా మొహం మీద అనలేదు. ఒక వారం “మీటరు సరిగ్గా చూశావా?” అన్నారు. ఇంకో వారం “కొలిచేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?” అన్నారు. ఆ తర్వాత కూర్చోమనడం మానేశారు. శుక్రవారంలోగా పద్నాలుగు చూపించాలి, లేదా కారణం చూపించాలి. రెండూ లేకపోతే పేపరు వెనక్కి తీసుకుని, తప్పు నాదేనని రాసివ్వాలి. పట్టా పోతే పోయింది. దొంగ అంకెల మనిషినన్న పేరు నేను మోయలేను. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు మండుతాయి.

బుధవారం మధ్యాహ్నం ద్రావకాల గదికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా ఆ గది సీసాల బాబాయ్‌ది. అందరం ఆయన్ని అలాగే పిలుస్తాం. ఆయన ఒక సీసా మూతిని ఇంకో సీసా మూతికి ఆనించి, అడుగున తట్టి తట్టి దింపుతున్నాడు.

“ఏం చేస్తున్నావ్ బాబాయ్?”

“అడుగున నాలుగు చుక్కలు మిగిలాయమ్మా. పారబోయడమెందుకని.”

“అది వేరు, ఇది వేరు కదా.”

“వేరేముంది, రెండూ కరిగించేవేగా. చూడ్డానికీ నీళ్లలానే ఉన్నాయి.”

“ఎప్పట్నుంచి ఇలా పోస్తున్నావ్?”

“సీసాలు ఏడాదికోసారి వచ్చే రోజుల్నుంచి. చుక్క కూడా పారబోయొద్దని అప్పట్లో మీ గైడు సారే చెప్పారు. ఆయనింకా కుర్రాడు.”

స్టూలు మీద కూలబడి, పోయినేడాది నా ఎర్రమూత సీసాలో ఏమైనా పోశావా అని అడిగాను. ఆయన నిదానంగా గుర్తు చేసుకున్నాడు. అల్మారా కడిగిన వారం, మూలనున్న చిన్న సీసాలు మూడో నాలుగో అందులో వంచాడట. చిక్కగా నూనెలా ఉండేవట.

అంతే సంగతి. నిదానంగా ఆరే అలాంటి ద్రవం ఒక్క చుక్క ఉంటే చాలు, పొర ఆరేలోపు అణువులు ఎక్కడివక్కడ సర్దుకుంటాయి. పనయ్యాక అది ఆవిరైపోతుంది, ఆనవాలు దొరకదు. మా రంగంలో ఇది అందరికీ తెలిసిన కిటుకే. నా సీసాలో అది ఉందని మాత్రం నాకు తెలియదు.

“బాబాయ్, ఆ సీసా అడుగున వేలెడు మిగిలున్నా నేను బయటపడతాను. అందులో ఏమేం ఉన్నాయో యంత్రం చెప్పేస్తుంది.”

“వెతుకుతానమ్మా. నేను పారేసే రకం కాదుగా.”

గురువారమంతా దొరికిన నూనెలన్నీ చుక్క చుక్క కలిపి చూశాను. పది. ఏడు. పదకొండు. ఏది ఎంత పోశాడో ఆయనకు గుర్తులేదు. గుడ్డిదానిలా తడుముకున్నాను. సాయంత్రానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం పొద్దున గైడుకు జరిగింది చెప్పాను. ఆయన బాబాయ్‌ని పిలిపించారు.

“సీసాల్లో మిగిలినవి కలుపుతున్నావా?”

రిటైరవడానికి బాబాయ్‌కింకా ఎనిమిది నెలలున్నాయి. “లేదు సార్. ఎప్పుడూ కలపలేదు.”

“బాబాయ్,” అన్నాను.

“అమ్మాయి ఏదో పొరబడింది సార్.”

చుక్క పారబోయొద్దన్న మాట ఎవరిదో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. గైడు పేపర్‌వెయిట్ సర్దుకున్నారు. కోపం రాలేదంటే అబద్ధం, ఇద్దరి చొక్కాలూ పట్టుకుని ఊపేయాలనిపించింది. కానీ సీసా లేదు. ‘కొలతల్లో దోషం పూర్తిగా నాది’ అన్న వాక్యం కింద సంతకం పెట్టాను. ఎదురుగా గోడ మీద నా అల్లిక బొమ్మ ఉంది.

ల్యాబు కళ్లద్దాలు, తాళంచెవి అప్పగించడానికి ద్రావకాల గదికి వెళ్లాను. బాబాయ్ లేడు. సింకు పక్కన ఒక సీసా కడిగి బోర్లించి ఉంది, పక్కనే ఎర్రమూత. సీసా మీది చీటీ తడిసి జారుతోంది. దాని మీద నా చేతిరాతలో పోయినేడాది తేదీ ఉంది.

వెతుకుతానన్నాడు, వెతికాడు. ముప్పై ఏళ్లుగా చుక్క పారబోయని మనిషి ఆ ఒక్కటీ పారబోశాడు.