కొబ్బరికాయ దెబ్బ తిన్న రేకు ఓడ

నా ఆటోలో పెళ్లికూతుళ్లు ఎక్కారు, మేకలు ఎక్కాయి. వారాసిగూడ నుంచి మల్కాజ్‌గిరి దాకా ఒక ముసలాయన మంచంతో సహా, నిద్ర లేవకుండా వచ్చాడు. యుద్ధనౌక ఎక్కడం మాత్రం అదే మొదలు.

తార్నాకలో గది అద్దెకు తీసుకుని చదువుకునే అమల దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పలచటి రేకుతో చేసిన ఓడ నమూనా అది; మనిషంత పొడవు, కత్తంత సన్నం. ముక్కు ఒక పక్క, తోక ఇంకో పక్క బయటికి పొడుచుకొచ్చాయి.

"దానయ్య కాకా, మెల్లగ. బండి గుంతల పడితే నా చదువు గూడ గుంతలనే పడ్తది."

"నా బండికి గుంతలంటే భయంలేదు బిడ్డా. గుంతలకే నా బండంటే భయం."

వేరే రోజైతే పకపకా నవ్వేది. ఆ రోజు కళ్లు మూసుకుని తల కడ్డీకి ఆనించింది.

ఆ ఓడ నిజంగా ఎక్కడా లేదు. నూరేళ్ల పైచిలుకు కిందట, ఆవిరితో గిర్రున తిరిగే టర్బైన్లు ఓడల్లోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, అన్నిటికన్నా వేగంగా పోయే తేలికపాటి యుద్ధనౌకను ఎట్లా కట్టి ఉండొచ్చు? అమల పీహెచ్‌డీ అంతా ఆ ఒక్క ప్రశ్న. జవాబు ఆమెకు రెండో ఏడే దొరికింది: రేకు పలచన చెయ్యి, గదులు తగ్గించు, బరువు దించు. మిగతా నాలుగేళ్లూ కమిటీ తినేసింది. మీటింగు పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఓడలోకి ఏదో ఒకటి ఎక్కించేవాళ్లు. సలహా ఇవ్వకుండా లేచిపోతే పెద్దరికానికి లోటు కదా! హెడ్డు వెంకటేశ్వర్లు సారు అడ్మిరల్‌కు పడగ్గది ఉండాలన్నాడు. విజయశ్రీ మేడం ఇంకో ఫిరంగి పెట్టమంది. కమలాకర్ సారు వంటగది పెద్దది చేయమన్నాడు. నమూనాలో అవన్నీ సీసం ముక్కలై కూర్చున్నాయి.

ఆ రోజుతో అమలకు ఇచ్చిన గడువు ఆఖరు. వేరే ఊరి నుంచి పరీక్ష చేసే పెద్దాయన వచ్చాడు, సాయంత్రం రైలుకు వెళ్లిపోతాడు. ఓడ పాసైతే డాక్టరమ్మ. లేకపోతే ఆరేళ్ల చదువు నీళ్లపాలు.

క్యాంపస్‌లో ఆ హాలు నిండా ఒకటే పొడవాటి సిమెంటు తొట్టి. దాని పైన పట్టాల మీద నడిచే చిన్న బండి ఓడను నీళ్లలో లాగుతుంది. ఎంత బలం పట్టిందో ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత దాటితే ఆనాటి టర్బైన్లకు ఆ వేగం చేతకాదని లెక్క. ఓడకు ఒక కొస నేనే పట్టుకున్నాను కాబట్టి నన్నెవరూ బయటికి పొమ్మనలేదు.

"ఆగండి, ఆగండి!" హెడ్డు సారు చెయ్యెత్తాడు. "కొబ్బరికాయ కొట్టకుండా నీళ్లలోకి దించేస్తారా?"

"బయట మెట్టు మీద కొడ్దాం సార్" అంది అమల.

"ఓడకి ముక్కు మీదే కొట్టాలమ్మా. మా కాకినాడలో అంతే."

"గాడ పడవలు కట్టెతోని చేస్తరు సార్. గిది పలచటి రేకు."

"తగిలీ తగలనట్టు కొడతానులే."

మాట నిలబెట్టుకున్నాడు. తగిలీ తగలనట్టే కొట్టాడు. కాయ పగల్లేదు. పగలని కాయ కన్నా అపశకునం ఏముంటుంది? సారు మొహం మాడిపోయింది. బూట్లు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, రెండో దెబ్బ వేశాడు. ఆ చప్పుడుకు నల్లకుంట మార్కెట్లో వంకాయలు బుట్టల్లోంచి దూకాయి. కాయ రెండు చెక్కలైంది. ఓడ ముక్కు కూడా చీలింది.

"అయ్యో, కాయలో పువ్వొచ్చింది! ఎంత శుభమో!" అంది విజయశ్రీ మేడం.

అమల తొట్టి గట్టు మీద కూలబడింది. "ఏడుద్దామంటే గూడ ఓపిక లేదు కాకా" అంది నాతో.

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. "ఇంకో నమూనా ఉందా అమ్మా?"

"లేదు సార్."

ఆయన పెన్ను మూతపెట్టాడు. ఆ మూత టిక్కుమన్న చప్పుడుకు అమల లేచింది.

"ఒక్క నిమిషం సార్. దీన్ల అడ్డగోడలున్నయ్. నీళ్లు ముందరి గదిలకే వస్తయ్, ఓడ మునగదు. కానీ ఎక్కిన నీళ్లంత బరువు దించాలె."

పై రేకు తెరిచి సీసం ముక్కలు తీసింది. ఒకటి హెడ్డు సారు చేతిలో, ఒకటి మేడం చేతిలో, ఒకటి కమలాకర్ సారు చేతిలో పెట్టింది.

"అయితే అడ్మిరల్ ఎక్కడ పడుకుంటాడమ్మా?" హెడ్డు సారు గాబరాపడ్డాడు.

"నిలబడ్తడు సార్. ఆరేండ్ల సంది మీ రూము ముంగట నేను నిలబడ్తలేనా?"

ముక్కు పైకి లేచేలా, బొగ్గుకు బదులు పెట్టిన బరువును కొంచెం వెనక్కి జరిపి ఆమె బండి కదిలించింది. చీలిన ముక్కుతో ఓడ గుడగుడమంటూ బయలుదేరింది, ముందు గది నింపుకుంది, అయినా తేలింది. వేగం పెరిగింది. ముల్లు ఎక్కింది, ఎక్కింది, ఎర్రగీతను ఆనుకుని వణికింది. నేను తెలిసిన దేవుళ్లందరికీ తలా ఒక కోడిని మొక్కాను. శాకాహారి దేవుళ్లకు కూడా.

ముల్లు గీత దాటలేదు.

పెద్దాయన పెన్ను మూత తీశాడు. "మూతి పగిలి కూడా ఇంత పరుగెత్తిందంటే చాలు. ఈ అదనపు బరువులు లేని ఓడనే థీసిస్‌లో ఉంచండి. నా వైపు నుంచి పాస్."

"కాయలో పువ్వొచ్చినప్పుడే నాకు తెలుసు!" అన్నాడు హెడ్డు సారు.

"అవును సార్" అంది అమల. కాదనే బలం ఆమె దగ్గర లేదు.

తిరుగు దారిలో అడిగాను: "డాక్టరమ్మా, స్వీట్లు కొందమా?"

అద్దంలో చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. తార్నాక వచ్చేసింది. లేపబుద్ధి కాలేదు. మెట్రో స్తంభం నీడలో బండి ఆపి ఇంజను కట్టేశాను. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి వేశాడు. నేను పెదవి మీద వేలు పెట్టి లోపలికి చూపించాను. వాడు చూశాడు, వెనకవాడికి చూపించాడు, వాడు తన వెనకవాడికి. నమ్మితే నమ్మండి, ఆ పిల్ల లేచేదాకా తార్నాక చౌరస్తాలో ఒక్కడంటే ఒక్కడు హారన్ కొట్టలేదు.