సీసా మీద మా అక్క

మా వీధిలో ఎవరికి దగ్గొచ్చినా నా ముఖం చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఆ ధైర్యం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎర్ర టానిక్ సీసా మీద రెండు బొమ్మలుంటాయి. ఎడమ పక్కన కళ్ళు పీక్కుపోయి, మెడ ఎముకలు బయటపడ్డ పిల్ల. కుడి పక్కన బుగ్గలు నిండి నవ్వుతున్న పిల్ల. కింద ‘వాడక ముందు, వాడిన తర్వాత’ అని అచ్చు. ఇద్దరూ ఒకరే అనుకుంటారు జనం. కుడి పక్కది నేను. ఎడమ పక్కది మా అక్క. అక్క చచ్చిపోయింది. నాకు నాన్చడం చేతకాదు, అందుకే ముందే చెప్పేశాను.

మాది పరుపుల కొట్టు. నాన్న పోయాక అమ్మే నడుపుతోంది. ముందు గదిలో దూది ఏకే యంత్రం, మధ్య గదిలో కుట్టుపని, వెనక గదిలో మా వంటా, పడకా. ఎంత ఊడ్చినా దూది నుసి గదుల్లోంచి పోదు. గిన్నెల మీదా అదే, కనురెప్పల మీదా అదే. అక్క దబ్బనం పట్టిందంటే పరుపు అంచు గీత గీసినట్టు వచ్చేది. నేను కుడితే వంకరటింకర. అమ్మ నన్ను కోప్పడబోతే అక్క అడ్డొచ్చేది. “పోనీలేమ్మా, పడుకునేవాడు అంచులు చూస్తూ పడుకుంటాడా ఏంటి!” అనేది.

అమ్మకు సరుకు చేత్తోనే తెలుస్తుంది. గుప్పెడు దూది నలిపి, ఒకసారి ఎగరేసి పట్టుకుని, మంచిదో కాదో చెప్పేస్తుంది. ఆమె లెక్క తప్పగా నేనెప్పుడూ చూడలేదు. మంచి దూది గిరాకీల పరుపుల్లోకి పోయేది. మిగిలిన తుక్కు మా పరుపుల్లోకి. పరుపుల కొట్టువాళ్ళు ఎక్కడైనా అలాగే పడుకుంటారు.

జబ్బు ముందు అక్కను పట్టుకుంది, తర్వాత నన్ను. జ్వరం, దగ్గు, తెల్లారేసరికి బట్టలు తడిసిపోయేంత చెమట. పెద్దాసుపత్రిలో ఇద్దరికీ ఒకే రకం మాత్రలిచ్చి, నెలల తరబడి మానకుండా మింగమన్నారు. అక్కకు అవి కడుపులో నిలిచేవి కావు. మింగడం, కక్కడం, మళ్ళీ మింగడం. పేగులు తెగేలా కక్కుతుంటే వీపు నిమురుతూ అమ్మ కూడా ఏడ్చేది.

సరిగ్గా అప్పుడు దాపురించాడు టానిక్ ఏజెంటు. నున్నగా దువ్విన తల, చేతిలో తోలు సంచీ, మెడలో కెమెరా.

“మాత్రలు ఆపేసి ఇది పట్టించండమ్మా. రెండూ కలిపితే ఒంటికి పడదు. పెద్దమ్మాయి ఫోటో ఇప్పుడొకటి తీసుకుంటా, లేచి తిరిగాక ఇంకోటి. సీసా మీద వేయిస్తాం. ఊళ్ళన్నీ చూస్తాయి!”

“ఈ ముఖాన్ని చూస్తే ఉన్న రోగులు కూడా పారిపోతారు” అంది అక్క. అంత నీరసంలోనూ దాని నోరు ఊరుకోదు.

అతను అక్క ఫోటో తీసుకుని వెళ్ళాక అమ్మ ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో మాత్రల పొట్లం పట్టుకుంది. దూదిని చూసినట్టే చూసింది. సీసా బరువుగా ఉంది, మందు చిక్కగా గాజుకు అంటుకుంటోంది. మాత్రలు సుద్దముక్కల్లా తేలిగ్గా ఉన్నాయి, పైగా ఊరికే ఇచ్చినవి. ఇద్దరికీ టానిక్ కొనే తాహతు మాకు లేదు.

“పెద్దదానికి మంచిది పోద్దాం. చిన్నది ఆ మాత్రలతో సరిపెట్టుకుంటుంది” అంది.

నేను ఊరుకుంటానా? “నేనేం నీకు తుక్కు కింద వచ్చానా?” అని అరిచాను. నిజంగానే కడుపు మండింది. చెంచా అక్క నోటికి అందిస్తున్నప్పుడు అమ్మ ముఖంలో ఉండే ఆశ నా వైపు తిరిగినప్పుడు ఉండేది కాదు. నేను మాత్రలనూ, ఆసుపత్రినీ, అమ్మనూ తిట్టుకుంటూ మింగేదాన్ని. అమ్మ అటు తిరగ్గానే అక్క ఒక చుక్క టానిక్ నా నాలుక మీద వేసేది. తియ్యగా, గొంతులో వెచ్చగా దిగేది. “ఏడవకే, నేను లేచాక నీకూ కొంటా” అనేది.

టానిక్ తాగాక అక్క బుగ్గలు ఎర్రబడ్డాయి. హాయిగా నిద్రపోయేది. లేచి కూర్చుని దబ్బనం కూడా పట్టుకుంది. అమ్మ వీధంతా వినబడేలా మురిసిపోయింది. ఒకరోజు పొద్దున్నే పరుపు మీదకు వంగి కుడుతూ అక్క దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు ఆగలేదు. తెల్లటి గలేబు మీద నెత్తురు పడింది. అక్క దాన్ని అరచేత్తో దాచబోయింది. అమ్మ వచ్చి పట్టుకునేలోపే పోయింది.

నాకు అప్పటికే జ్వరం తగ్గి ఆకలి పుట్టింది. మామూలు ఆకలి కాదు, దిక్కుమాలిన ఆకలి. ఇంట్లో అందరూ గుండెలు బాదుకుంటుంటే నేను వెనక గదిలో గోడ వైపు తిరిగి గబగబా అన్నం తింటున్నాను. ఏడుస్తూనే తిన్నాను. ఒళ్ళు కోలుకుంటుంటే ఆపడం ఎవరి తరం?

కొన్నాళ్ళకు ఏజెంటు రెండో ఫోటో కోసం వచ్చాడు. సంగతి తెలిసి అయ్యో అన్నాడు. అన్నాక నా వంక చూశాడు.

“అచ్చు గుద్దినట్టున్నారే అక్కాచెల్లెళ్ళు!”

“దాని ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు బాబూ. నువ్వు తీసిందే ఉంది. అది ఇప్పించు” అని అమ్మ చేతులు జోడించింది.

“చిన్నమ్మాయిని ఒక్కసారి నవ్వుతూ కూర్చోమనండి. పెద్దమ్మాయి ఫోటో పెద్దది చేయించి, చట్రం కట్టించి మరీ పంపిస్తా.”

అమ్మ అక్క రవికె తెచ్చి నాకు తొడిగింది. నవ్వమన్నారు. నవ్వాను. వాడి చట్రం మండా, ఆ ఫోటో ఇప్పటికీ రాలేదు. బొమ్మలున్న సీసాలు మాత్రం వీధి వీధికీ వచ్చాయి. అమ్మ ఒకటి కొని మూత కూడా తియ్యకుండా కుట్టుపని గదిలో అల్మారాలో పెట్టుకుంది. పొద్దున లేవగానే ఎడమ పక్క బొమ్మను చూసుకుంటుంది.

“దీంతోనే లేచావటగా?” అని ఎవరడిగినా, “డాక్టర్నడగండి, నేనేం టానిక్ కొట్టా!” అని కసిరి పంపించేదాన్ని. నన్ను లేపింది మాత్రలని నాకు తెలుసు. కానీ ఆ మాట అమ్మ వినేలా అంటే, అక్కను నువ్వే చంపావని చెప్పినట్టే. అది నా నోటి వెంట రాకూడదు. అంతే.

మొన్న ఇస్త్రీ అత్త వచ్చింది. నాలుగిళ్ళ అవతల ఇస్త్రీ బండి ఆవిడది. కూతురికి మా జబ్బే. ఒక చేతిలో ఎర్ర సీసా, ఇంకో చేతిలో ఆసుపత్రి పొట్లం.

“మాత్రలు కక్కేస్తోంది వదినా, చూడలేకపోతున్నా. అవి మానిపించి ఇది పట్టిద్దామని. చిన్నమ్మాయ్, నువ్వు దీంతోనే కదూ లేచింది? ఒక్కమాట చెప్పు తల్లీ, నా ప్రాణం కుదుటపడుతుంది.”

అమ్మ నా పక్కనే పరుపు అంచు కుడుతోంది. తలెత్తలేదు. కసిరేద్దామనుకున్నాను. కసిరితే ఆవిడ ఇంటికి పోయి ఆ సీసా మూత తీస్తుంది. ఆ పిల్ల నాకు తెలుసు. ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికొచ్చి మా పరుపుల మీద గెంతుతుంది.

“ఆ ఎడమ పక్క బొమ్మ నేను కాదత్తా” అన్నాను. “మా అక్క. టానిక్ తాగింది అదే. నేను మాత్రలు మింగాను.”

అమ్మ చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఇస్త్రీ అత్త నన్నూ, అమ్మనూ, సీసానూ మార్చి మార్చి చూసింది. అమ్మ లేచి వెళ్ళి ఆవిడ చేతిలోంచి సీసా తీసుకుంది.

“మాత్రలు మానిపించకు. కక్కుతోందని డాక్టరుకు చెప్పు, ఏదో ఒకటి చేస్తారు. మా చిన్నది అవి మింగేటప్పుడు నన్ను నానా తిట్లు తిట్టింది. నీ కూతురూ తిడుతుంది. తిట్టనీ వదినా, తిట్టనీ.”

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. అమ్మ సీసా పక్కన పెట్టి మళ్ళీ పరుపు దగ్గర కూర్చుంది. నేను ఆమె ముందు కూలబడ్డాను.

“నీకు తెలుసా అమ్మా?”

“తెలియకపోవడానికి నేను రాయినా? అది పోయిన నాడే తెలిసింది, నువ్వు వెనక గదిలో అన్నం తింటుంటే చూశాను” అంది. “మంచిదని ఏరి మరీ దానికిచ్చాను. నీకు మిగిలింది పడేశాను. దాని మీద ప్రేమతో దాన్ని చంపుకున్నాను. నీ మీద అంత లేక నువ్వు బతికావు. ఈ మాట నీతో ఎట్లా అననే?”

ఆమె చేతులు పట్టుకున్నాను. దబ్బనం పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు.

“పోనీలే. మిగిలిందే ఇచ్చావు. బతికాను కదా. ఒక్కసారి నన్ను చూడమ్మా” అన్నాను.

అమ్మ చూడాలనే ప్రయత్నించింది. నా గడ్డం కిందకు చెయ్యి కూడా తెచ్చింది. కళ్ళు మాత్రం ఎత్తలేకపోయింది.

“నా వల్ల కావడం లేదే చిన్నదానా” అంది.