ఐదో గుట్ట

నాలుగో గుట్ట దిగుతున్నప్పుడు జెనీఫర్ కాలు మడతపడింది. చలికాలం తొందరగా చీకటి పడుతుందని మేము దాదాపు పరుగెత్తుతూ దిగుతున్నాం. బండ మీది మొరంలో ఆమె బూటు జారింది. నా చున్నీ పట్టుకుంది. నేను ఒక సీతాఫలం కొమ్మ పట్టుకున్నాను. కొమ్మ విరగలేదు, అంతే. పక్కన బండ తెగిపోయి ఉంది. కింద చెట్ల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి.

మమత అప్పటికే చాలా కిందికి వెళ్లిపోయి, బస్సు పోతుందని అరుస్తోంది.

"దానికి చెప్పకు రత్నా" అంది జెనీఫర్, నా చున్నీ ఇంకా వదలకుండానే.

తల ఊపాను. ఎవరు ఏం చెప్పినా నేను చేసేది అదే.

మా ముగ్గురిదీ మధురానగర్ హాస్టల్లో ఒకే గది. పంజాగుట్టలోని ఒక ట్రెక్కింగ్ క్లబ్ వాళ్లు డిసెంబర్‌లో పోటీ పెట్టారు. ముగ్గురు ఒక జట్టు. మూడు రోజుల్లో ఐదు గుట్టలు ఎక్కి, ప్రతి గుట్ట పైనుంచీ ముగ్గురూ కలిసి దిగిన ఫొటో పంపాలి. ఒక్కరు తగ్గినా ఆ గుట్ట లెక్కలోకి రాదు. గెలిచిన జట్టును హిమాలయాలకు తీసుకెళ్లి మంచు కొండ ఎక్కిస్తారు.

మమతకు గెలవడం కావాలి. జెనీఫర్‌కు మంచు కావాలి. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద ఉన్ని టోపీ ముందే కొనుక్కుంది. హాస్టల్లో అన్నం తినేటప్పుడు కూడా అది తల మీదే ఉండేది. "చర్చిల ఏటా దూది అంటించి మంచు చేస్తం. ఒక్కసారన్న అసలుది తొక్కాలె" అనేది. నన్ను ఎందుకు చేర్చుకున్నారంటే మూడో మనిషి దొరకలేదు. పైగా మా ఊరి బడి గుట్ట అవతల ఉండేది, రోజూ ఎక్కి దిగేదాన్ని.

ఆ రాత్రి మమత ఫోన్ మాట్లాడుతూ డాబా మీదికి వెళ్లగానే జెనీఫర్ సాక్స్ తీసింది. చీలమండ బూరెలా పొంగి ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నాను. రేపటి గుట్ట ఎక్కాకే అంది. మా ఊళ్లో కాలు బెణికితే మా అమ్మమ్మ చిలకమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తుంది. వీధి చివర పాన్ డబ్బాలో సున్నం అడిగి తెచ్చాను. పసుపు హాస్టల్ వంటింట్లో దొరికింది. గరిటెలో వెచ్చచేసి పూసి, పాత చున్నీ చింపి కట్టాను. ఆరి బిగుసుకున్నాక నొప్పి కాస్త తగ్గింది.

అమ్మమ్మ పట్టు వేశాక మనిషిని మంచం దిగనివ్వదు. ఆ మాటా చెప్పాను. జెనీఫర్ వినలేదు. లేచి ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచి, "తగ్గింది చూడు. మీ అమ్మమ్మ మస్తు డాక్టర్" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పట్టు వేయకపోతే ఆమె నిలబడేది కాదు. ఐదో గుట్ట పైన చివరంతా నున్నటి ఏటవాలు బండేనని క్లబ్ సార్ ముందే చెప్పాడు. అక్కడ పట్టుకోవడానికి కొమ్మ ఉండదు.

తెల్లవారి మొదటి మెట్రో కోసం అమీర్‌పేట స్టేషన్‌కు నడిచాం. ఇడ్లీ బండ్ల వాళ్లు అప్పుడే పొయ్యిలు వెలిగిస్తున్నారు. మమత ముందు నడుస్తూ ఫోన్లో వీడియో తీస్తోంది. చదును మీద జెనీఫర్ బాగానే నడిచింది. మెట్ల దగ్గర మాత్రం రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. అంత చలిలోనూ టోపీ కింద నుదుటి మీద చెమట పట్టింది.

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

"నేను రాను" అన్నాను.

మమత దిగి వచ్చింది. ఏమైందని అడిగింది. భయంగా ఉందన్నాను.

"నాలుగు గుట్టలు మేక లెక్క ఎక్కినవ్. ఇప్పుడు భయమానే?"

మళ్లీ అదే చెప్పాను. మమత బతిమాలింది, తిట్టింది, నా లాంటిదాన్ని జట్టులో పెట్టుకోవడం తన బుద్ధి తక్కువంది. చెయ్యి పట్టి లాగింది. నేను కడ్డీ వదల్లేదు. జెనీఫర్ కాలు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అననని తల ఊపాను కదా.

జెనీఫర్‌కు అర్థమైంది. నన్ను లేపడానికి గబగబా రెండు మెట్లు దిగింది. రెండో మెట్టు మీద కాలు నిలవలేదు. నా పక్కనే కూలబడింది. ప్యాంటు పైకి జరిగింది. సాక్స్ అంచు దాకా పసుపు.

మమత ఆ పసుపు వంక చూస్తూ ఉండిపోయింది. పైన రైలు వచ్చి వెళ్లిపోయింది. ఆమె ఫోన్ ఆపి జేబులో పెట్టుకుంది.

"నన్నేమనుకున్నరే మీరిద్దరు? కాలిరిగినా ఎక్కిస్తననుకున్నరా?"

"ఎక్కియ్యవ్. అందుకే చెప్పలే" అంది జెనీఫర్. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పకుంటనే చెప్పినవ్."

పంజాగుట్టలో డాక్టర్ దగ్గరికి ఆటో మాట్లాడాం. జెనీఫర్ మమత భుజం మీద చెయ్యేసి కుంటుతూ దిగింది. నేను కూడా భుజం ఇవ్వబోతే అక్కర్లేదంది. మూడు బ్యాగులూ తీసుకుని వెనక నడిచాను. టోపీ మెట్ల మీద పడి ఉంది. దులిపి, ఆటోలో ఇవ్వబోయాను. ఆమె బయటికి చూస్తూ కూర్చుంది.

పంజాగుట్ట దాకా అది నా ఒళ్లోనే ఉంది.