విప్పి చూపించు తల్లీ

పదకొండు నలభైకి గడియారాల కొట్టు అక్క ఫోను తెరిచి ఉలిక్కిపడింది. స్ప్రింగు తాతను పదకొండింటికే గ్రూపులోంచి బ్యాన్ చేసేశారు!

పాత గడియారాలు బాగుచేసుకునేవాళ్ళ గ్రూపు అది. అడ్మిన్లు ఇద్దరే: అక్క, కొత్తగా చేరిన బ్యాంకు క్యాషియరు. ఇద్దరికీ జీతం బత్తెం లేవు, తిట్లకు మాత్రం లోటు లేదు. బ్యాన్ పడిన గంటకు ఆ మనిషి పోస్టులన్నీ చెరిగిపోతాయి. పన్నెండు కొడితే తాత పదేళ్ళ పాఠాలు, ఫొటోలు గంగలో కలిసినట్టే. అక్క పని నేర్చుకున్నదే వాటిని చూసి.

వెంటనే క్యాషియరుకు ఫోన్ చేసింది. "తాత ఏం చేశాడండీ?"

"కొత్తగా వచ్చిన టైలరమ్మతో 'సిగ్గుపడకు తల్లీ, విప్పి చూపించు' అన్నాడు! ఎవరో ఫిర్యాదు చేశారు."

"గడియారం అండీ బాబూ! వెనక మూత విప్పమన్నాడు!"

"ఆ ముక్క ఆవిడ రాయాలి. మాట పడ్డవాళ్ళు తప్పులేదంటేనే బ్యాన్ తీయాలి. రూలు మీరు పెట్టిందేగా?"

నిజమే, ఆ గొయ్యి అక్క తవ్వుకున్నదే.

టైలరమ్మకు ఫోన్ కొట్టింది. ఎత్తలేదు. మళ్ళీ కొట్టింది. ఎత్తలేదు. ఐదోసారికి కుట్టుమిషను రొదలోంచి "హలో" అని వినిపించింది.

"అమ్మాయ్, తాత విప్పమన్నాడని నీకు కోపమొచ్చిందా?"

"కోపమెందుకక్కా! విప్పాను, చూపించాను. పదిహేనేళ్ళుగా మూగబోయిన మా అత్త గడియారం మాట్లాడుతోంది. ఇదిగో, విను!"

టంగు, టంగుమని పన్నెండు గంటలూ కొట్టింది. "అయ్యో, పన్నెండైపోయిందా!" అంది అక్క.

"ఐదు నిమిషాలు ముందు నడుస్తోందిలే," అంది టైలరమ్మ తీరిగ్గా.

"నీకు దణ్ణం పెడతా, అదే గ్రూపులో రాసెయ్యి! ఇప్పుడే!"

ఆమె రాసింది. క్యాషియరు బ్యాన్ ఎత్తేశాడు. పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. పాఠాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అక్కకు సంతోషం పట్టలేక కళ్ళు చెమర్చాయి.

కాసేపటికి తాత పోస్టు వచ్చింది: "గంట నుంచీ గ్రూపు తెరుచుకోకపోతే ఫోను పాడైందనుకున్నాను. మూత విప్పి, దుమ్ము ఊది, బిగించాను. బాగైపోయింది! ఏదైనా సరే, విప్పితేనే గాని తెలీదర్రా."

కింద మొదటి దండం బొమ్మ క్యాషియరుదే. అసలు సంగతి తాతకు ఎవరూ చెప్పలేదు.